సత్యానందం మాస్టారి శనివారాలు

సత్యానందం మాస్టారు ఇక లేరని పోయిన గురువారం పొద్దున్న ఆయన భార్య రూతమ్మగారు ఫోన్ చేసి చెప్పారు. "నిద్రలోనే వెళ్ళిపోయారండి మేడమ్. మీకు ముందు చెప్పాలనిపించింది" అన్నారు. రిసీవరు పెట్టేశాక కూర్చోలేకపోయాను. వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగాను. వారం దాటింది, ఇంకా తిరుగుతూనే ఉన్నాను.

పూర్వ విద్యార్థుల సంచికకి రెండు పేజీల నివాళి రాయమన్నారు. "విద్యాకాశంలో ఒక ధ్రువతార అస్తమించింది" అని మొదలుపెట్టి కొట్టేశాను. మాస్టారు ఉండి ఉంటే, ధ్రువతార ఎక్కడైనా అస్తమిస్తుందా అండి అని అడగమని ఒక పిల్లని నా గదికి పంపేవారు. రెండోసారి రాసిందీ చింపేశాను. ఇది మూడోది.

కడియం దగ్గర మా ఎయిడెడ్ హైస్కూల్లో ఆయన సోషల్ మాస్టారు, నేను ప్రధానోపాధ్యాయినిని. నర్సరీల్లో పనిచేసేవాళ్ళ పిల్లలూ, చిన్న రైతుల పిల్లలూ చదివే బడి మాది. పాఠం అప్పజెప్పమంటే గడగడా చెప్పే మా పిల్లలు, పోస్టాఫీసులో ఒక్క మాట అడగాలంటే ఒకరి వెనక ఒకరు దాక్కునేవారు. అది ఆయనకి నిద్ర పట్టనివ్వని సంగతి. శనివారం ఒంటిపూట బడి అవగానే తొమ్మిదో తరగతి పిల్లలు పదీ పన్నెండు మందిని వెంటబెట్టుకుని పాసింజరులో రాజమండ్రికో కొవ్వూరుకో బయల్దేరేవారు. ఇద్దరిద్దరుగా ఏదో ఒక చోటికి వెళ్ళి, తమకి నిజంగా తెలియని సంగతి ఒకటి అడిగి రావాలి. కాగితం, పెన్ను పనికిరావు. చెప్పినవారి పేరు తెలుసుకోకుండా రాకూడదు. మాస్టారు లోపలికి అడుగు పెట్టరు. రోడ్డుకి అవతల వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ నిలబడతారు. సోమవారం ప్రార్థన అయ్యాక ఆ పిల్లలు తెచ్చుకున్న సంగతి బడి మొత్తానికి చెప్పాలి.

నేను ఉద్యోగంలో చేరిన వారానికే నామీదికి ఒక పిల్లని పంపారు. ఆ పిల్ల వచ్చి తలుపు దగ్గరే నిలబడి, "మీ గదిలో పెద్దవాళ్ళకి నాలుగు కుర్చీలున్నాయి కదండి, పిల్లలు వస్తే కూర్చోడానికి ఏమీ లేదేంటండి?" అంది. నాకు ఒళ్ళు మండింది. మాస్టారిని పిలిపించి చెడామడా దులిపేశాను. ఆయన అంతా విని, "ప్రశ్న తప్పా అండి?" అన్నారు వినయంగా. కోపం తగ్గకుండానే మర్నాడు ఒక స్టూలు చేయించి వేయించాను.

మరోసారి ఒక పిల్లాడు ఏడుస్తూ వచ్చాడట. ఊరి పేరు వద్దు, ఏదో ఆఫీసులో గుమస్తా కసిరాడు. మాస్టారు ఓదార్చలేదు. "కసిరారు, సరే. కసిరాక ఏం చెప్పారు?" అని అడిగారు. "ఏం చెప్పలేదండి." "అయితే సగమే అయింది. మళ్ళీ వెళ్ళు." "సిగ్గేస్తోందండి." "సిగ్గు పోయాక వెళ్దామనుకుంటే ముసలాడివైపోతావు నాన్నా. దాన్ని కూడా తీసుకుని వెళ్ళు" అన్నారు. రెండోసారి ఆ గుమస్తాయే నవ్వేసి, కుర్చీ లాగి కూర్చోబెట్టి చెప్పాడు. ఈ కథ మాస్టారు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఆ గుమస్తా మంచివాడేనండి అని చివర తగిలించేవారు.

ఇక్కడిదాకా రాయడం తేలికే. అసలు సంగతి ఇప్పుడు రాయాలి.

ఒక శనివారం కొవ్వూరు నుంచి తిరుగు ప్రయాణంలో ధనలక్ష్మి అనే పిల్లా, ఇంకో పిల్లా రైలెక్కలేదు. వెనక పెట్టెలో ఎక్కేశారండి అని ఎవరో అంటే మాస్టారు నమ్మారు. ఆ ఇద్దరూ ప్లాట్‌ఫారం చివర, పట్టాలు బాగుచేసే ఒక గ్యాంగ్‌మన్‌ని, గోదావరి వంతెన మీద రైలు వచ్చేస్తే మీరు ఎటు వెళ్ళి నిలబడతారండి అని అడుగుతున్నారు. పెద్దాయన, వంతెన పక్కన నిలబడడానికి కట్టిన చోటు గురించి చెప్తుంటే మధ్యలో వచ్చేయడం మర్యాద కాదనుకున్నారు. రైలు కదిలిపోయింది. పిల్లలు ఏడవలేదు. స్టేషన్ మాస్టరు గదిలోకి వెళ్ళి అడిగి, కడియం స్టేషన్‌కి కబురు చేయించుకుని, తరవాతి బండిలో వచ్చారు. ఇళ్ళు చేరేసరికి దీపాలు పెట్టేశారు.

సోమవారం ధనలక్ష్మి నాన్న నా గదిలో నిలబడి, "ఆడపిల్లలండి మేడమ్! ఏమన్నా అయితే ఎవరండి జవాబు?" అని అరిచాడు. ఆయన భయం న్యాయమైనదే. శనివారాలు రద్దు చేస్తూ మెమో రాశాను. మాస్టారు చదివి, "లెక్క చూసుకోకపోవడం నా తప్పేనండి. కానీ వాళ్ళు తప్పిపోలేదండి మేడమ్, అడిగి వచ్చారు" అన్నారు. "సంతకం పెట్టండి" అన్నాను. పెట్టారు.

ఆ మెమోలో భయం సగమే. మిగతా సగం పదో తరగతి ఫలితాలు. శనివారం మధ్యాహ్నాలు ఖాళీ అయితే స్పెషల్ క్లాసులు పెట్టుకోవచ్చని అప్పటికే నెల రోజులుగా నా మనసులో ఉంది. ఆ తండ్రి అరుపు నాకు కలిసొచ్చింది. అసలు కారణం చెప్తే పిల్లలు గోల చేస్తారని భయపడి, మాస్టారికి మోకాళ్ళ నొప్పులు, తిరగలేకపోతున్నారు అని అసెంబ్లీలో చెప్పాను. ఆయన పక్కనే ఉన్నారు. కాదనలేదు. ఆ తరవాత ఎవరడిగినా "మోకాళ్ళండి" అనేవారు. రిటైరయ్యేదాకా, రిటైరయ్యాక కూడా అదే మాట. నన్ను బడి ముందు అబద్ధాలకోరుని చెయ్యడం ఇష్టంలేక తనని తాను కుంటివాణ్ణి చేసుకున్నారు. నాకు సిగ్గుగా ఉంది.

మొన్న బడిలో సంతాపసభ పెట్టాం. ఆయన పటానికి చేమంతుల దండ వేసి, తీరని లోటు అని నేను మాట్లాడి కూర్చున్నాను. పిల్లలెవరైనా మాట్లాడతారా అంటే ఒక్కరూ లేవలేదు. శనివారాలు పోయాక మా పిల్లలు మళ్ళీ ఒకరి వెనక ఒకరు దాక్కోవడం మొదలుపెట్టారు. నేను చూస్తూనే ఉన్నాను. చివరికి తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె లేచింది. ధనలక్ష్మి చెల్లెలు. ధనలక్ష్మి ఇప్పుడు నర్సరీలో మొక్కల లారీలు పంపించే పని చూస్తోంది, ఏ రాష్ట్రం డ్రైవరుతోనైనా బెదురు లేకుండా మాట్లాడుతుంది. చెల్లెలు, "మా అక్క వాళ్ళని తీసుకెళ్ళేవారంట కదండి. మరి మాస్టారు ఎందుకు మానేశారండి?" అని అడిగింది.

"మోకాళ్ళ నొప్పులమ్మా" అన్నాను, ఆయన పటం ముందు.

ఆ పిల్ల నమ్మేసి కూర్చుంది.

మాస్టారూ, మీ స్థానంలో నిలబడగలవారు ఈ చుట్టుపక్కల లేరు, నేనైతే అసలే కాను. మీకు నేనివ్వగల నివాళి ఒక్కటే. మీ మోకాళ్ళకి ఏ జబ్బూ లేదు. శనివారాలు మానేసింది మీరు కాదు, మాన్పించింది నేను. సంచిక అచ్చయ్యేదాకా ఆగలేను. సోమవారం ప్రార్థన అయ్యాక ఈ మాట బడి మొత్తానికి చెప్తాను. ముందుగా ఆ పిల్లని నా గదికి పిలిచి, మీరు అడిగించిన స్టూలు మీద కూర్చోబెడతాను. నేను నిలబడి జవాబు చెప్తాను.