రెండు కుర్చీల స్టూడియో

మా ఇంటి ఎదుటి ఫోటో స్టూడియోలో తండ్రీకూతుళ్ళు వేరుపడ్డారనీ, నెలనెలా డబ్బు కట్టే సాఫ్ట్‌వేరు కూతురు అట్టేపెట్టుకుని, కన్నతండ్రికి ఇంటర్నెట్టులో ఊరికే దొరికేది పడేసిందనీ వీధిలో ఒక మాట తిరుగుతోంది. ఆ మాట పుట్టింది బేకరీలో. బేకరీ ఆవిడ రొట్టె కోస్తూ కోస్తూ నా చెవిన వేసింది.

"విన్నావా పిన్నీ? ఆ పిల్ల ఎంతకి తెగించిందో! తండ్రిని మూలకి నెట్టేసింది."

"నువ్వు చూశావా?"

"నేను చూసేదేంటి, వీధంతా చూస్తోంది. రెండు కుర్చీలు, రెండు కంప్యూటర్లు. కొత్తది కిటికీ పక్కన ఆ పిల్లకి. పాత డొక్కుది గోడ పక్కన ఆయనకి. అడక్కుండానే అర్థం కావట్లా?"

అడక్కుండా అర్థమయ్యేవి నాకు ఈ వయసులో కూడా బహు తక్కువ. అందుకే వెళ్ళి, కూర్చుని, అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

స్టూడియో ఆయన్ని అందరూ "కదలొద్దు" అనే పిలుస్తారు. కెమెరా వెనక్కి వెళ్ళగానే ఆయన నోట వచ్చే మొదటి మాట అదే, చివరి మాటా అదే. పిల్లలు "కదలొద్దు బాబాయ్" అని ఎదురుగానే పిలుస్తారు, ఆయన పలుకుతాడు. పొడుగు మనిషి. నడుము కాస్త వంగింది. చొక్కా జేబులో ఎప్పుడూ దువ్వెన ఉంటుంది. తన తలమీద దువ్వడానికి ఏమీ మిగల్లేదు, ఆ దువ్వెన వచ్చేవాళ్ళకి. వాళ్ళావిడ ఆసుపత్రిలో నర్సు. నన్ను అక్కా అంటాడు కాబట్టి వాళ్ళ అమ్మాయి నన్ను అత్తా అంటుంది.

ఆ అమ్మాయి చిన్నప్పుడు బడి నుంచి వచ్చి కౌంటరు కిందే పుస్తకాలు పరుచుకునేది. పదో తరగతి సెలవుల్లో కంప్యూటరు ముందు కూర్చుంది, మళ్ళీ లేచింది లేదు. అప్పటి నుంచి పని రెండు భాగాలైంది. తండ్రి ఫోటో తీస్తాడు, కూతురు దిద్దుతుంది. కళ్ళకింద నలుపు తీసేయడం, వెనక గోడ మార్చడం, పెళ్ళి ఫోటోలో రెప్ప వేసినవాళ్ళకి కళ్ళు తెరిపించడం, అంతా ఆ పిల్ల చేతిమీదే. ఎవరైనా "కాస్త రంగు తేల్చవయ్యా" అని అడిగితే ఆయన చెయ్యి ఊపేసేవాడు. "అది దాని డిపార్టుమెంటు. నాకు మౌసు పట్టుకుంటే జారిపోతుంది."

ఇలా నడుస్తుండగా ఊరికి ఆ చివర పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సు నడిపే ఆవిడ ఒక పాత పుస్తకం చినిగిన అట్టబొమ్మ బాగుచేయించుకోవడానికి వచ్చింది. పని చూసి ముచ్చటపడి, "మా ప్రెస్సులో పుస్తకాలకి అట్టబొమ్మలు వేస్తావా అమ్మా?" అని ఆ పిల్లనే అడిగింది. ఇల్లు మారక్కర్లేదు. పొద్దున బస్సెక్కి వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పమంది. ఆ వార్త నాకు చెప్పేటప్పుడు ఆ పిల్ల మొహం చూడాలి, దిద్దకుండానే వెలిగిపోతోంది. కానీ రోజులు గడుస్తున్నా ప్రెస్సుకి ఏమీ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే ఆయన చీకటిగదిలో మూలపడిన పాత కంప్యూటరు దుమ్ము దులిపి గోడ పక్కన పెట్టాడు. కూతుర్నే పిలిచి, ఊరికే దొరికే సాఫ్ట్‌వేరు ఒకటి వేసి ఇమ్మన్నాడు. "ఎందుకు నాన్నా?" అంటే "పొద్దుపోవడానికి" అన్నాడు. రోజంతా జనం వచ్చిపోయే మనిషికి పొద్దుపోకపోవడం ఏమిటని ఆ పిల్లా అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ తర్వాత జరిగిన గొడవే బేకరీ దాకా పాకింది. పై అంతస్తు ఆడిటరు గారు గుర్తింపు కార్డుకి ఫోటో తీయించుకున్నారు. ఆయన ఎడమ చెంపమీద మిరియం గింజంత పుట్టుమచ్చ. మన కదలొద్దు ఆ ఫోటోని పాత కంప్యూటరులో తానే దిద్దాడు. ఎక్కడ ఏది నొక్కాడో, బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడింది. ఆయన గమనించలేదు. ఆడిటరు గారూ గమనించలేదు, రోజూ అద్దంలో అలాగే చూసుకుంటారు కాబట్టి. ఇంటికెళ్ళాక వాళ్ళావిడ చూసి కెవ్వుమంది.

"మచ్చ ఈ చెంప నుంచి ఆ చెంపకి ఎప్పుడు నడిచిందండీ?"

ఆడిటరు గారు ఫోటోలు పట్టుకుని మెట్లు దిగి వచ్చారు. "ఏమయ్యా, ఉచిత సాఫ్ట్‌వేరు అయితే మచ్చలు కూడా ఊరికే తిప్పేస్తావా?"

అంతే. మర్నాటి నుంచి వచ్చినవాళ్ళందరూ గుమ్మంలోనే అడగడం మొదలుపెట్టారు: "మాది ఏ కుర్చీకి వెళ్తుంది?" రెంటికీ రేటు ఒకటే. అయినా కిటికీ కుర్చీ దగ్గర నలుగురు నిలబడి ఉంటే, గోడ కుర్చీ దగ్గర ఈగ కూడా వాలేది కాదు.

ఎవరో చెబితే నమ్మే రకాన్ని కాను కదా, నేనే పరీక్ష పెట్టాను. మా ఆయన చిన్నప్పటి ఫోటో ఒకటి ఉంది. సైకిలు పక్కన నిక్కరుతో నిలబడ్డాడు. ఒక మూల చిరిగిపోయి వెనక చక్రం సగమే మిగిలింది. ఆ ఫోటోని ముందు కూతురికిచ్చాను, మరునాడు తండ్రికిచ్చాను. ఒకరికిచ్చినట్టు ఇంకొకరికి చెప్పలేదు.

కూతురు చిరుగు చుట్టూ గీత గీసింది, ఏదో నొక్కింది. నేను తెచ్చుకున్న టీ ఇంకా చల్లారలేదు, చిరుగు పోయింది. వెనక గోడ, కింద నేల, నీడతో సహా అన్నీ వచ్చేశాయి. అన్నీ అంటే మరీ అన్నీ.

"ఏమే, మీ మామయ్య సైకిలుకి మూడో చక్రం ఎక్కణ్ణుంచి మొలిచింది?"

ఆ పిల్ల పడీపడీ నవ్వింది. "దానికి ఏం తోస్తే అది వేస్తుందత్తా. ఉండు." ఇంకోసారి నొక్కింది, మూడోది పోయి రెండోది నిండుగా వచ్చింది. డబ్బు తీసుకునేది డబ్బుకి తగ్గట్టే చేస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

తండ్రి దగ్గర వేరే కథ. నొక్కగానే నింపే మంత్రం అందులో ఆయనకి దొరకలేదు. ఉందో లేదో కూడా ఆయనకి తెలియదు. గోడలో బాగున్న చోటి నుంచి చిన్న ముక్క తీసుకుని చిరుగుమీద అద్దుతాడు. మళ్ళీ ఇంకో ముక్క. గోడకి సున్నం కొట్టినట్టు ఆ వారమంతా అద్దుతూనే ఉన్నాడు. నేను రోజూ వెళ్ళి వెనక నిలబడేదాన్ని. నాలుక బయటపెట్టి, కళ్ళజోడు నుదుటిమీదకి నెట్టి, ఒకటో తరగతి పిల్లాడు పలకమీద దిద్దినట్టు దిద్దేవాడు. మీటలమీద చిన్న చిన్న రంగు కాగితాలు అంటించుకున్నాడు. ఎర్రది నొక్కకూడదు. బొమ్మ తిరగబడేది దాంతోనే.

చివరికి ఇచ్చాడు. చక్రం బాగుంది. చువ్వలు కూడా గీశాడు. గోడమీద మాత్రం ఒకే పగులు పక్కపక్కన నాలుగుచోట్ల కనబడింది. ఒకే ముక్క నాలుగుసార్లు అద్దేశాడు.

"భూకంపం వచ్చిందా ఏంటి తమ్ముడూ?"

"అయ్యో!" అని ఫోటో లాక్కున్నాడు. "రేపు రండక్కా."

ప్రింటులో మా ఆయన బుగ్గలు కూడా మరీ ఎర్రగా వచ్చాయి. తెరమీద ఒక రంగు, కాగితంమీద ఒక రంగు. అది సాఫ్ట్‌వేరు తప్పా, ఆయన తప్పా అంటే చెప్పలేను. నేను చూసినంతలో తేల్చింది ఇది: పనిమంతుడి చేతిలో రెండూ పని చేస్తాయి, డబ్బుది తొందరగా చేస్తుంది, ఊరికే వచ్చేదాంతో ఓపిక ఖర్చవుతుంది. డబ్బు కట్టేది ఇంకో మెలిక పెడుతుంది. ఒక ఖాతా ఒకరికే. కట్టడం మానితే తలుపు వేసేస్తుంది. ఊరికే వచ్చేదానికి తలుపే లేదు.

నా ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. ఇంత అవస్థ ఎందుకు? కూతురు బయటికి వెళ్ళినప్పుడు ఆ కిటికీ కుర్చీలో కూర్చుంటే పోదా?

నెలాఖరు దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. వచ్చి మెట్టుమీద కూలబడింది.

"ప్రెస్సుకి రానని చెప్పేస్తున్నానత్తా."

"ఎందుకే?"

"నాన్న ఆ ఉచితం ఎందుకు పట్టుకున్నాడనుకున్నావు? డబ్బులు సరిపోవట్లేదు. నాకు చెప్పడు. నెలనెలా కట్టేది ఆపేయాలని ముందుగానే అలవాటు చేసుకుంటున్నాడు. దుకాణం అంత ఇబ్బందిలో ఉంటే నేను అట్టబొమ్మలు వేసుకుంటూ కూర్చోనా?"

"అడిగావా?"

"అడిగితే పొద్దుపోవడానికి అంటాడు."

"పొద్దు పోవడం సంగతి సరే, మీ ఇద్దరి నోళ్ళూ ఎటు పోయాయి?"

సాయంత్రం ప్రెస్సుకి ఫోన్ చేస్తానని లేచి వెళ్ళిపోయింది. నేను తలుపు వేసి, దువ్వుకోకుండానే వెనకాలే వెళ్ళాను. దువ్వెన అక్కడ ఎలాగూ ఉంటుంది.

"తమ్ముడూ, నాకో పాస్‌పోర్టు ఫోటో కావాలి" అన్నాను.

"ఏ ఊరు వెళ్తారక్కా?"

"ఏ ఊరూ వెళ్ళను. తియ్యి."

స్టూలుమీద కూర్చోబెట్టాడు. దువ్వెన ఇచ్చాడు. దీపాలు వేశాడు. కూతురు వచ్చి నా పక్క దీపానికుండే తెల్లగొడుగు సర్దుతూ నిలబడింది. ఆయన కెమెరా వెనక్కి వెళ్ళి కన్ను ఆనించాడు.

"కదలొద్దు."

"కదలను గానీ ఒక మాట అడుగుతాను, సూటిగా చెప్పు. నీ దగ్గర డబ్బుల్లేకనా ఆ ఊరికే వచ్చేది నేర్చుకుంటున్నావు?"

"నోరు కదుపుతున్నారక్కా."

"కదుపుతా. నీ కూతురు అలాగే అనుకుని ప్రెస్సుకి రానని చెప్పబోతోంది. ఎందుకు నేర్చుకుంటున్నావో దాని ముందు చెప్పు."

గొడుగు పట్టుకున్న చెయ్యి ఆగింది. ఆయన కెమెరా వెనకనుంచి తల ఎత్తలేదు. కాసేపు అక్కడ ఏదో తిప్పుతున్నట్టు తిప్పాడు. తర్వాత అన్నాడు:

"డబ్బుకేం అక్కా, ఆ సాఫ్ట్‌వేరుకి మొన్ననే సంవత్సరానికి కట్టేశాను, అమ్మాయి పేరునే. ఆ ఖాతా దాంతోపాటు ప్రెస్సుకి వెళ్ళాలి, దాని చేతికి అదే అలవాటు. అది వెళ్ళాక ఇక్కడ పని ఆగిపోతే, అక్కడ పగలంతా చేసి సాయంత్రం వచ్చి మళ్ళీ ఈ కుర్చీలో కూర్చుంటుంది. నాకు తెలుసు దాని సంగతి. అందుకని నేనే నేర్చుకుంటున్నా. బాగా వచ్చాక చెబుదామనుకున్నా, ఆడిటరు గారి మచ్చ దగ్గరే ఆగిపోయా. ఇప్పుడు గడ్డం కాస్త దించండక్కా."