తలుపు లేని ఎండకాలం

ఒమాన్‌లోని సువైక్‌లో మా వడ్రంగి కార్ఖానా షట్టర్ ఎత్తగానే, రాత్రంతా లోపల మగ్గిన టేకు పొట్టు వాసన గుప్పున ముఖానికి కొడుతుంది. దాని వెనకే వార్నిష్, జిగురు, ఆపైన పక్క ఖర్జూరపు తోటలో నీళ్లు పారిన మట్టి వాసన. ఇరవై ఏళ్లుగా ఈ వాసనతోనే నా డ్యూటీ మొదలవుతోంది. తలుపుల ఆర్డర్లు రాసుకోవడం, పని చేయించడం, దగ్గరుండి బిగించి రావడం నా పని. ఇల్లు కట్టుకునే ఒమానీలు వీధి తలుపు దగ్గర మాత్రం వెనకాడరు. రెండు రెక్కలు, నిండా చెక్కడం, వరసగా ఇత్తడి బొడిపెలు ఉండాల్సిందే. నా బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా కోడిగుడ్డంత ఇత్తడి బొడిపె ఒకటి ఉంటుంది. అది ఇక్కడి సరుకు కాదు, మా ఇంటి తలుపుది.

మొన్న చలికాలంలో ఆ బొడిపె కింద సయీద్ అనే ఆయన ఆర్డరు కాగితం రెండు నెలలు కదలకుండా ఉండిపోయింది. బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టుకుంటున్నాడు. తలుపు తయారై గోడకు ఆనించి ఉంది. ఈలోగా ఆయన కంపెనీ మనుషులను తీసేసింది. "దర్వాజా అభీ నహీ, రఫీక్" అన్నాడు వచ్చి, తలుపు ఇప్పుడే వద్దు నేస్తం అని. ఇంటినే బ్యాంకు ఉంచుతుందో లేదో తెలియదన్నాడు. పని పోయినవాళ్లకు ఇంటి అప్పు వాయిదాలు ఆపే ఏర్పాటు ప్రభుత్వం చేసిందట. దాని దరఖాస్తు కాగితం రెండు వారాలుగా ఆయన జేబులోనే ఉంది. నింపలేదు. "నా కింద నలభై మంది పనిచేశారు. నేను వెళ్లి నాకు పని లేదని సంతకం పెట్టాలా?" అన్నాడు హిందీలో. కుర్చీలో కూర్చున్నాడే గాని వీపు ఆనించలేదు. ఆ కూర్చోవడం నాకు బాగా తెలుసు. మా ఇంట్లో మగవాళ్లు తరతరాలుగా అలాగే కూర్చున్నారు. నేనూ అలాగే కూర్చుంటాను.

మాది జగిత్యాల వైపు పల్లె. ఊరి మధ్య గడి అనే కోటలాంటి భవంతి ఒకప్పుడు మాదే. నేను పుట్టేనాటికి అది కూలి, రాళ్లు ఒకరు, దూలాలు ఒకరు కొనుక్కుపోయారు. మిగిలింది పేరు, దానితోపాటు వీధి తలుపు. బాపు, అంటే మా నాన్న, నూలు మిల్లులో గుమాస్తాగా చేరి, సహకార బ్యాంకులో అప్పు తీసుకుని, ఊరి చివర బీడీలు చుట్టేవాళ్ల వాడకట్టును ఆనుకుని నాలుగు గదుల పెంకుటిల్లు కట్టాడు. స్థలం నాయనమ్మ పేరున ఉంది, ఇల్లూ ఆమె పేరనే కుదువ పడింది. ఆ చిన్న ఇంటికి గడి తలుపు తెచ్చి పెట్టారు. ఏనుగు పట్టే తలుపు, మేక పట్టే ఇల్లు. దానికి సరిపోయేలా ముందు గోడను మూరెడు ఎత్తు లేపవలసి వచ్చింది. అది తెరిచినప్పుడు చేసే గుర్రుమనే చప్పుడుకు వాడకట్టు కుక్కలు మొరిగేవి. మా దొర్సాని నాయనమ్మ మాత్రం ఆ తలుపును పొద్దంతా మూయించే ఉంచేది. మనల్ని రోడ్డున పోయేవాళ్లు చూడగూడదు, రోడ్డున పోయేవాళ్లను మనం చూడగూడదు అనేది ఆమె పద్ధతి. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి ఆమె ఆ ఊరి వీధిలో కాలు పెట్టి నడవలేదు. గుడికైనా, పెళ్లికైనా తెర కట్టిన ఎడ్ల సవారి కచ్చరంలోనే వెళ్లేది. కచ్చరం అమ్మేశాక వెళ్లడమే మానేసింది.

నాకు పదేళ్లప్పుడు మిల్లు మూతపడింది. బాపు రోజూ లాగే పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ ధోతి కట్టుకుని, మిల్లుకు పోయే వేళకు కుర్చీ వేసుకుని పేపరు చదివేవాడు. అలా ఏడాది గడిచింది. వాయిదాలు కట్టనివాళ్ల ఇంటికి బ్యాంకు మనుషులు వచ్చి ముందుగా తలుపులు ఊడదీసుకుపోవడం మా వైపు అలవాటు. అప్పుకు ఆ చెక్క ఏ మూలకూ సరిపోదని వాళ్లకూ తెలుసు. తలుపు లేని ఇల్లంటే బాకీ పడ్డ ఇల్లని ఊరంతటికీ తెలియాలి, అంతే. అప్పటికీ కదలకపోతే డప్పు చాటింపు వేయించి ఇంటిని వేలం వేస్తారు.

ఉగాది మర్నాడు వచ్చారు. ఇంట్లో ఇంకా పోలెల వాసన, నెయ్యి వాసన. అప్పిచ్చిన సహకార సొసైటీ సెక్రటరీ ముఖం ఎత్తకుండా "దొరా, పై నుంచి ఆర్డరొచ్చింది, నా చేతుల ఏం లేదు" అన్నాడు. బాపు పేపరు మడిచి "పైలంగ దించుండ్రి, బరువుంటది" అన్నాడు, అంతే. నాయనమ్మ లోపలి నుంచి మంచినీళ్లు పంపించింది. తలుపు ఎత్తడానికి ఎనిమిది మంది పట్టారు. ట్రాక్టరు కదిలేటప్పుడు ఒక బొడిపె ఊడి దుమ్ములో పడింది. అది తీసి నిక్కరు జేబులో వేసుకున్నాను.

ఆ ఎండకాలం ఎంత చెడ్డగా గుర్తుండాలో నాకు తెలుసు. కాని ఉన్నమాట చెప్పాలంటే నా చిన్నతనంలో అంత హాయి ఎండకాలం మరొకటి లేదు. తలుపు పోయిన సందులోంచి మొదట గాలి వచ్చింది. తర్వాత వెలుతురు వచ్చి, అన్నాళ్లూ నల్లగా కనిపించిన మా నడిమింటి నేల నిజానికి ఎర్రటి పాలిష్ బండలని చూపించింది. తర్వాత కోళ్లు వచ్చాయి. ఒక మేక వచ్చి బాపు పేపరులో సగం తిని పోయింది. నాయనమ్మ పట్టు తివాచీ ఒకటి అడ్డం కట్టించింది గాని మధ్యాహ్నపు వడగాలికి అది జెండాలా ఎగిరి ఒకనాడు కొయ్యతో సహా ఊడిపడింది. మళ్లీ కట్టలేదు. అన్నాళ్లూ మా గోడ అవతల కేకలు మాత్రమే వినే నాకు గిల్లిదండ ఆడేవాళ్లు దొరికారు. చింతచెట్ల కింద కోతికొమ్మచ్చి, ముట్టుకుంటే కాలే ఇసుకలో గోటీలు, చీకటి పడేముందు బావి గట్టున తునికి పండ్ల పంపకాలు అన్నీ మొదటిసారిగా ఆ ఏడే.

మా గుమ్మంలో గాలి బాగా వస్తుందని కనిపెట్టింది లచ్చవ్వ. పక్కింట్లో బీడీలు చుట్టే ఆమె. ఒడిలో చాట, చాటలో తడిపిన తునికాకు, తంబాకు. ఒక మధ్యాహ్నం ఏమీ అడగకుండానే వచ్చి మా గడప అవతల కూర్చుంది. నాయనమ్మ గడప ఇవతల పీట మీద, ముఖం పక్కకు తిప్పుకుని కూర్చుంది.

"దొర్సాని, మీకు తలుపు వోయింది గని మా వాడకు గాలొచ్చింది" అంది లచ్చవ్వ.

నాయనమ్మ ఓరకంట ఆ చాటలోకి చూసింది. చివరికి "గా ఆకు వంకర గోస్తున్నవ్, పిల్లా" అంది.

"వస్తదా మీకు? కొయ్యుండ్రి జూద్దాం."

కత్తెర చేతులు మారింది. వారం తిరిగేసరికి గడప అవతల నలుగురు, ఇవతల మా నాయనమ్మ. ఆమె కోసిన ఆకులు అచ్చు పోసినట్టు ఉండేవని వాళ్లు ఆశ్చర్యపోయేవారు. ఒకరి మామిడికాయ తొక్కు, ఒకరి సర్వపిండి, మా ఇంటి పచ్చిపులుసు గడపకు ఇటూ అటూ మారేవి. బాపు పెరట్లో నుంచి వస్తున్న అలికిడైతే కత్తెర పీట కిందికి పోయేది. ఆయనకు తెలుసు. దగ్గి వచ్చేవాడు.

మామిడిపళ్లు ముగిసేవేళ ప్రభుత్వపు ఉత్తర్వు వచ్చింది. మూతపడ్డ మిల్లుల్లో పని పోయి, ఉన్న ఒక్క ఇల్లూ కుదువలో ఉన్నవాళ్ల వేలం ఆపుతారు, తలుపులు తిరిగి ఇస్తారు, పని దొరికేదాకా వాయిదాలు అడగరు, ఆ కాలపు వడ్డీ ప్రభుత్వమే కడుతుంది. అందుకు దరఖాస్తు పెట్టుకోవాలి. తర్వాత గ్రామసభలో పేరు పిలిచినప్పుడు ఇంటి హక్కుదారు లేచి, సంపాదించే మనిషికి పని లేదని చెప్పాలి, ఊరు ఔనని సాక్ష్యం పలకాలి. పెట్టుకోనివాళ్ల ఇళ్లు ఆ నెలాఖరుకు వేలం.

"మన ఇంట్ల దరఖాస్తులు తీస్కున్నోళ్లే గని వెట్టినోళ్లు లేరు" అన్నాడు బాపు. నాయనమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోనాడు ఆయన కాగితం తెప్పించి, తన ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి, నాచేత పంపించాడు. సాయంత్రానికి సెక్రటరీ వెనక్కి తెచ్చాడు. వృత్తి అని ఉన్నచోట బాపు "భూస్వామి" అని రాశాడు. ఇందులో మోసం లేదు, మొండితనమూ పూర్తిగా లేదు. ఆయన పెళ్లి పత్రికలో, నా బడి రిజిస్టరులో, రేషన్ కార్డులో అదే మాట. మా ఇంట్లో కాగితం మీద వృత్తి గడి కనబడగానే చెయ్యి దానంతట అదే ఆ మాట రాసేది.

"దొరా, భూస్వామి అని రాస్తే రాదు. పని లేదు అని రాయండ్రి. రెండు మాటలే" అని బతిమాలాడు సెక్రటరీ. బాపు కలం మూత పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. నాయనమ్మ ఆ కాగితం తీసుకుని, బాపు రాసిన మాట కొట్టేయించి, సెక్రటరీ చేతనే ఆ రెండు మాటలు రాయించి, కింద తన సంతకం చేసింది. "మరి రేపు సభల ఎవరు చెప్తరు, దొర్సాని?" అన్నాడతను. ఆమె కాగితం మడిచి అతని చేతికిచ్చింది.

మర్నాడు పొద్దున పంచాయతీ ముందు వేపచెట్టు కింద సభ. బాపు కుర్చీలోంచి లేవలేదు. నాయనమ్మ ఆకుపచ్చ అంచు నేతచీర కట్టుకుని, నా భుజం మీద చెయ్యి వేసి, గడప దాటి వీధిలోకి దిగింది. తలుపు ఉండి ఉంటే, అది గుర్రుమని తెరుచుకునేలోపు ఆమె మనసు మారేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. లేని తలుపును దాటడానికి ఆమె రెండు నెలలకు పైగా అంగుళం అంగుళంగా అలవాటు పడింది. గడప ఇవతలి పీట ఎప్పుడో గడప మీదికి, గడప మీది నుంచి అరుగు మీదికి జరిగింది. వీధిలో మగవాళ్లు తలపాగాలు తీసి పక్కకు తప్పుకున్నారు. ఆమె ఎవరివైపూ చూడలేదు. కాళ్లకు చెప్పులు లేవు, నడిచే అలవాటు లేనివాళ్ల ఇంట్లో చెప్పులు ఎందుకుంటాయి? నేల కాలుతోంది. నా భుజం మీద చెయ్యి బిగిసింది గాని అడుగు తడబడలేదు.

పేరు పిలిచారు. ఆమె నిటారుగా నిలబడింది. "ఇల్లు నాది. నా కొడుక్కు పని లేదు. రాస్కోండ్రి" అంది.

వేపచెట్టు కింద అందరూ తలలు దించుకున్నారు. సాక్ష్యం ఎవరు చెబుతారని సర్పంచు చూస్తున్నాడు. దొర ఇంట్లో పని లేదని దొర్సాని ముఖం మీద చెప్పే నోరు ఊళ్లో ఎవరికుంది? లచ్చవ్వ చాట పక్కన పెట్టి లేచింది.

"నేను సూస్తలేనా! పొద్దుగాల కుర్సీల కూసుంటడు, పొద్దూకి లేస్తడు. పేపర్ సదువుడు పనైతే మా ఇంటాయన ఎప్పుడో కలెక్టరైతుండె!"

సభంతా గొల్లుమంది. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం నేను ఒక్కణ్ణే చూశాను.

ఆ సాయంత్రం బాపు కంచం ముందు కూర్చుని "కాళ్లు గాలినయా అమ్మా?" అని మాత్రం అడిగాడు. మర్నాడు తనే చెప్పులు కొని తెచ్చాడు. ఆ వారమే జగిత్యాల వెళ్లి ఒక బియ్యం మిల్లులో లెక్కలు రాయడానికి కుదిరాడు. వృత్తి అడిగితే గుమాస్తా అన్నాడట.

తలుపు తొలకరి తర్వాత తిరిగి వచ్చింది. సొసైటీ వరండాలో వానకు తడిసి ఉబ్బింది. ఎంత నొక్కినా నాలుగు వేళ్ల సందు మిగిలింది. వడ్రంగి చెక్క గీయడానికి రంద తీశాడు. "ఉండనియ్, గాలొస్తది" అంది నాయనమ్మ. ఆ సందు ఆమె పోయేదాకా అలాగే ఉంది. సందులోంచి లచ్చవ్వ ఆకులు అందిస్తూనే ఉంది.

ఇదంతా సయీద్‌కు నాకొచ్చిన హిందీలో చెప్పాను. పేపరు చదవడం పనైతే అన్నచోట పెద్దగా నవ్వాడు. జేబులోంచి కాగితం తీసి, నా కలం అడిగి, పని లేదని రాయాల్సిన ఆ ఒక్క గడిని నా బల్ల మీదే నింపుకున్నాడు. నెల తిరిగాక పికప్ వేసుకుని వచ్చాడు. పని దొరికేదాకా వాయిదాలు ఆగాయట. ఆయన ముఖమే చెబుతోంది. తలుపుతోపాటు మా మేస్త్రీ రాజన్నను తీసుకుని వెంట వెళ్లాను.

దారిలో మా ఊరి సంగతులు గుర్తొచ్చాయి. మా ఇంటి అప్పు బాపు చేతుల మీదే తీరింది. ఆయన పోయాక ఆ తలుపు కిందిభాగం చెదలు తినేస్తే ఇనుపది పెట్టించాం. అది చప్పుడు లేకుండా, పూర్తిగా మూసుకుంటుంది. లచ్చవ్వ లేదు, ఆ వాడకట్టులో ఇప్పుడు బీడీలు చుట్టేవాళ్లూ లేరు, తంబాకు వాసనా లేదు. బ్యాంకులవాళ్లు తలుపులు మోసుకుపోవడం కూడా పోయింది. అది పోయినందుకు మాత్రం నాకు విచారం లేదు.

తలుపు నిలబెట్టి మరలు బిగించాం. రాజన్న రంద పట్టుకుని "సార్, జరంత బిగుతున్నట్టున్నది. ఒకపారి మూసి సూద్దామా?" అన్నాడు. ఈలోగా సయీద్ తల్లి లోపలి నుంచి చాప తెచ్చి, సరిగ్గా గుమ్మంలో పరుచుకుని, కావా కాఫీ గిన్నెలు, ఖర్జూరాలు ముందు పెట్టుకుని కూర్చుంది. సముద్రపు గాలి ఆమె ముసుగును కదిలిస్తోంది. వీధిలో పోయే ఇరుగుపొరుగును కేకేసి పిలుస్తోంది, మాకూ గిన్నెలు అందిస్తోంది. రాజన్న నావైపు చూశాడు. ఆమె లేచేదాకా ఆగుదామన్నాను. మూడు గిన్నెల కావా తాగాం. ఆమె లేవలేదు. తలుపు సరిగ్గా పడుతుందో లేదో చూడకుండానే తిరిగి వచ్చేశాం.