ఇచ్చట ఏమియు వ్రాయరాదు

నిజామాబాదు నుంచి బోధన్ వెళ్లే తోవలో మిల్లుపేట అనే చిన్న పట్టణం ఉన్నది. ఆ పట్టణానికి ఆ పేరు తెచ్చిన చక్కెర మిల్లు మూతపడి పదేళ్లు దాటినది. యంత్రాలు తుప్పు పట్టినవి. గానుగ షెడ్డు రేకులు ఒక్కొక్కటే గాలికి లేచిపోయినవి. చెక్కుచెదరక నిలిచినది రోడ్డు వైపు ప్రహరీ గోడ ఒక్కటే. దాని పొడవు రెండు వందల పన్నెండు అడుగులు, ఎత్తు ఎనిమిది అడుగులు. మొన్న మాఘమాసం వరకు ఆ గోడ మీద నూట నలభై ముగ్గురు మనుషులు నడుస్తూ ఉండేవారు.

వారిని నడిపించినవాడు పెయింటర్ రాజనర్సు. వయస్సు అరవై మూడు సంవత్సరాలు. మిల్లు నడిచినన్నాళ్లు చెరుకు బండ్లకు నంబర్లు, బాయిలరు దగ్గర హెచ్చరిక బోర్డులు, ఆఫీసు గదులకు పేర్లు వ్రాసినవాడు అతడే. ఊళ్లో ఎరువుల కంపెనీల ప్రకటనలు, బీడీల పేర్లు, ఎన్నికల గుర్తులు కూడా అతని కుంచె నుంచే వచ్చేవి. నీలం అద్దిన దారాన్ని గోడ మీద ఒక్కసారి కొట్టి, ఆ గీత మీద అడుగెత్తు అక్షరాన్ని చేయి వణకకుండా దించగలిగినవాడు ఆ చుట్టుపక్కల మరొకడు లేడని అందరూ ఒప్పుకునేవారు. ఫ్లెక్సీలు వచ్చిన తరువాత ఆ నైపుణ్యాన్ని అడిగినవారు లేరు. భార్య సుమిత్రమ్మ బీడీలు చుట్టగా వచ్చినదానితోనే ఇల్లు గడిచేది.

మిల్లు గేటుకు మూసివేత నోటీసు అంటించిన తరువాత కూడా కార్మికులు కొన్ని నెలల పాటు ఉదయం ఏడు గంటల షిఫ్టుకు వచ్చి, గేటు ముందర కాసేపు నిలబడి వెళ్లిపోయేవారు. చేతిలో పని లేని రాజనర్సు ఒకనాడు మిగిలిపోయిన ఎనామిల్ డబ్బాలు తెచ్చి, ఆ నిలబడినవారిని గోడ మీద వేయడం మొదలుపెట్టాడు. అందరూ గేటు వైపు నడుస్తూ, వీపులు మాత్రమే కనిపించేటట్లు వేశాడు. ముఖాలు వేయడం తనకు అంతగా చేతకాదని అప్పట్లో అతని సంకోచం. ఎవరు ఎవరో తెలియడానికి ప్రతి వీపు మీద ఆ మనిషికి మిల్లు హాజరు కోసం ఇచ్చిన ఇత్తడి బిళ్ల నంబరు వ్రాశాడు. నంబరు చూడకపోయినా భుజం వంపును బట్టి, నడకను బట్టి భార్యాబిడ్డలు తమవారిని గుర్తుపట్టేవారు.

రెండేళ్లకు బాయిలరు మనిషి చంద్రయ్య కాలం చేశాడు. పదకొండోనాడు అతని భార్య గోడ దగ్గరికి వచ్చి, భర్త వీపు వైపు చాలాసేపు చూసి రాజనర్సును ఒక్క మాట అడిగింది.

"ఎప్పుడు సూడు లోపటికే పోతుండు. ఇంటికి ఎప్పుడొస్తడే అన్న?"

రాజనర్సు ఆ సాయంత్రమే వీపు మీద మెడా, ఛాతీ, చొక్కా గుండీలు, పాత ఫోటో చూసి ముఖమూ వేశాడు. పాదాలను రోడ్డు వైపు తిప్పాడు, చేతికి టిఫిన్ డబ్బా ఇచ్చాడు. చంద్రయ్య షిఫ్టు ముగించుకొని ఇంటికి వస్తున్నాడు. ఆనాటి నుంచి అది మిల్లు కార్మికుల కాలనీకి ఆచారమైనది. కార్మికుడు పోయిన పదకొండోనాడు ఇంటివారు ఫోటోనూ ఇత్తడి బిళ్లనూ తెచ్చేవారు. రాజనర్సు ఆ మనిషిని ఇంటి ముఖం పట్టించేవాడు. అది అయిన తరువాతనే వాళ్లు ఇంటికి వెళ్లి తలస్నానాలు చేసేవారు. హిందువైనా, ముసల్మానైనా గోడ మీద ఒకటే వరుస. చెరుకు పిప్పి షెడ్డు గఫూర్ ఇంటివారు తమ పద్ధతి ప్రకారం నలభయ్యోనాడు వచ్చారు. అతనికీ టిఫిన్ డబ్బా దొరికినది. ఈ విధంగా ముప్పై తొమ్మిది మంది తిరిగి వచ్చారు. నూట నలుగురు ఇంకా లోపలికి వెళ్తూ ఉన్నారు.

ఆ బొమ్మల కింద రాజనర్సు ఏనాడూ తన పేరు వ్రాయలేదు. బతుకులు వాళ్లవి, తన పేరు ఎందుకని అనేవాడు.

పేరు వ్రాసినది వేరొక చోట. నాలుగేళ్ల క్రితం పట్టణ కార్యాలయం వారు అతన్ని పిలిపించి, ముఖ్యమైన గోడలపై "ఇచ్చట ఏమియు వ్రాయరాదు, అంటించరాదు. అతిక్రమించినచో చర్య తీసుకొనబడును" అని వ్రాయమన్నారు. అప్పటికి ఎన్నికలు దగ్గరపడుతున్నవి. మిల్లు గోడ మీద సున్నం కొట్టి గుర్తులు వేద్దామని రెండు పార్టీల మనుషులు అప్పటికే గోడ కొలతలు తీసుకొని ఉన్నారు. రాజనర్సు ఆలోచించాడు. వారిచ్చిన జాబితాలో ఆ గోడ లేకపోయినా, ఎవరూ చెప్పకపోయినా, అదే వాక్యాన్ని మిల్లు గోడ చివరన ఎర్ర అక్షరాలతో వ్రాశాడు. అలవాటు కొద్దీ మూలన "రాజనర్సు ఆర్ట్స్" అని, ఫోను నంబరుతో సహా చేర్చాడు. సర్కారు వాక్యాన్ని చూసి పార్టీలవారు వెనక్కు తగ్గారు. ఆ సంవత్సరం రాజనర్సు తన తెలివికి తానే మురిసిపోయాడు. టీకొట్టు భోజన్న దగ్గర ఆ సంగతి పదిమందికీ చెప్పుకున్నాడు.

అప్పుడు అందరి కంటే గట్టిగా నవ్వినవాడు ముత్తన్న. బిళ్ల నంబరు ఎనభై ఏడు, చెరుకు యార్డులో క్రేను నడిపినవాడు, రాజనర్సుకు చిన్ననాటి స్నేహితుడు. రోజూ గోడ ఎదుట టీ తాగుతూ తన వీపును తాను చూసుకొని ఏదో ఒక వంక పెట్టేవాడు. భుజం వంకరగా వేశావనీ, నడుము లావు చేశావనీ అనేవాడు. దమ్ము రోగం ముదిరిన తరువాత వంకలు తగ్గినవి. చివరిసారి టీకొట్టుకు వచ్చిన రోజున మాత్రం స్పష్టంగా చెప్పాడు.

"మొహం ఏసినప్పుడు జర తెల్లగ ఎయ్యిరా. ఎండల నల్లబడ్డ గని, పుట్టినప్పుడు తెల్లగనే ఉంటినట."

"ఫోటో సూసి ఏస్త. అబద్ధం ఏస్తె మీ సత్తవ్వ నన్ను కొడ్తది," అన్నాడు రాజనర్సు.

"ఎట్లనన్న ఎయ్యి. లోపట మాత్రం ఉంచకు."

రాజనర్సు ఉంచనని మాట ఇచ్చాడు. మాఘమాసంలో ఒక గురువారం ఉదయం ముత్తన్న ప్రాణం విడిచాడు. పదకొండోనాడు వచ్చేది ఆదివారం.

మూడో రోజు, అనగా శనివారం, పట్టణ కార్యాలయంలో పనిచేసే గుమాస్తా ఆత్మారాం టీకొట్టుకు వచ్చి, పరిశుభ్రతలో పట్టణాలకు ర్యాంకులిచ్చే బృందం ఎల్లుండి కాక ఆ పై సోమవారం వస్తున్నదని చెప్పాడు. అన్ని గోడలకూ తెల్లరంగు వేయాలని, ఆ తరువాత ఎంపిక చేసిన గోడలపై హైదరాబాదు ఏజెన్సీ చేత మంజూరైన బొమ్మలు వేయించాలని ఉత్తర్వు వచ్చినదట. మిల్లు గోడ వరుస సంఖ్య పద్నాలుగు. దానికి మంజూరైన బొమ్మ సీతాకోకచిలుక రెక్కలు. మధ్యన నిలబడి ఫోటో దిగవచ్చును.

రాజనర్సు అప్పటికప్పుడు కార్యాలయానికి వెళ్లి, సదరు గోడను పదిహేను రోజులైనా విడిచిపెట్టవలసినదిగా అర్జీ వ్రాయించి ఇచ్చాడు. అధికారి సురేందర్ మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, ఫైలు తెప్పించి, అందులోని ఫోటో తీసి అర్జీదారు ముందు పెట్టాడు. గోడ చివరి ఎర్ర అక్షరాలు, మూలన పేరు, ఫోను నంబరు, అన్నీ స్పష్టంగా పడినవి.

"ఇది ఎవరు రాసిండ్రు పెద్దమనిషి?"

"నేనే సార్."

"రాయొద్దని రాసినోనివి నువ్వే. గీసినోనివి నువ్వే. నేను పైకి ఏమని రాయాలె చెప్పు. గీ అక్షరాలు లేకుంటె పాత బొమ్మలని ఒక మూలకు పెడ్దుము. ఇప్పుడు నిషేధం ఉన్న గోడ అని రికార్డుల ఎక్కింది."

రాజనర్సు తల వంచుకున్నాడు. ఆ వాక్యం ఎవరూ వ్రాయమనలేదని, బొమ్మల రక్షణకే తాను స్వయంగా వ్రాశానని చెప్పబోయి ఆగిపోయాడు. చెప్పినచో అది మరొక తప్పు అవుతుంది.

"ఫోన్ల ఫోటోలు తీసి పెట్టుకోరాదు? ఎన్నటికీ ఉంటయి," అన్నాడు సురేందర్ ఓదార్పుగా.

"ఫోన్ల ఉన్నోడు ఇంటిదిక్కు మల్లుతడా సార్?"

సురేందర్‌కు ఆ మాట అర్థం కాలేదు. అర్జీ మీద తేదీ ముద్ర వేయించి పంపించాడు.

సోమవారం నాడు రాజనర్సు నిజామాబాదు వెళ్లి, జిల్లా అధికారులు అర్జీలు స్వీకరించే చోట వరుసలో నిలబడి మరొక అర్జీ ఇచ్చాడు. రసీదు దొరికినది. తిరిగి బస్టాండుకు నడుస్తూ, వంతెన స్తంభాల మీద కొత్తగా వేసిన నెమళ్లను, బతుకమ్మలను చూశాడు. రంగు మంచిది, గీత శుభ్రంగా ఉన్నది, పని తెలిసినవారే వేశారు. ఆగి చూస్తున్నవారు మాత్రం అతనికి కనిపించలేదు.

టీకొట్టు భోజన్న ఒక ఉపాయం చెప్పాడు. వరుస పొడుగునా నాలుగు దేవుని బొమ్మలు వేస్తే ఏ కూలీ చేయి వేయడు, ఏ అధికారీ వేయమనడు. అది నిజమే, రాజనర్సుకూ తెలుసు. కాని దేవుడు నిలబడటానికి చోటు కావాలంటే కొందరిని తుడిచివేయాలి. ఎవరిని తుడవాలి? పైగా గఫూర్ ఇంటివారి ముందు దేవుణ్ణి కాపలా పెట్టడం అతనికి న్యాయంగా తోచలేదు. ఒక్క వాక్యాన్ని కాపలా పెట్టినందుకే ఇంత అయినదని భోజన్నకు చెప్పి, ఆ ఆలోచనను అక్కడితో విడిచిపెట్టాడు.

గురువారం నాడు రెండు అర్జీలకూ కలిపి ఒక్క జవాబు వచ్చినది. అందులో ఇట్లున్నది: "పై విషయమునకు సంబంధించి తెలియజేయునది ఏమనగా, సదరు గోడపై ఏమియు వ్రాయరాదను హెచ్చరిక ఇదివరకే అమలులో ఉన్నందున, దానిని ఉల్లంఘించి గుర్తు తెలియని వ్యక్తులు గీసిన బొమ్మలను తొలగించుటకు నిర్ణయించడమైనది. హెచ్చరికను వ్రాసిన అర్జీదారునకు ఈ విషయము తెలియనిది కాదు."

రాజనర్సు ఆ కాగితాన్ని రెండుసార్లు పైకి చదివాడు. గుర్తు తెలియని వ్యక్తులు అన్న చోట సుమిత్రమ్మ బీడీ ఆకు కత్తిరిస్తున్న చేయి ఆపి అతని వైపు చూసింది.

శుక్రవారం నలుగురు కూలీలు వచ్చి సున్నం కొట్టి పోయారు. ఎనామిల్ మీద సున్నం పట్టదని రాజనర్సుకు తెలుసు, తెలిసీ చెప్పలేదు. ఎండ ఎక్కిన కొద్దీ సున్నం పెచ్చులు లేచి రాలినది. శనివారం మధ్యాహ్నానికి చంద్రయ్య కళ్లు, గఫూర్ గడ్డం, ఒక్కొక్క నంబరూ బయటపడ్డవి. కాలనీ జనం వచ్చి చూశారు. ముత్తన్న భార్య సత్తవ్వ కూడా వచ్చింది. ఎనభై ఏడు కనిపిస్తున్నది. వీపు వంకర అట్లాగే ఉన్నది. రేపు పది గంటలకు ఫోటో తీసుకొని రమ్మని రాజనర్సు ఆమెతో చెప్పాడు. ఇంటికి వచ్చి కుంచెలు కిరోసిన్‌లో కడిగాడు, చామనచాయ రంగు కలిపి పెట్టుకున్నాడు. అందులో ఒక చుక్క తెలుపు ఎక్కువ వేశాడు. ఆ ఒక్క రాత్రి అతనికి నిద్ర బాగా పట్టినది.

ఆదివారం ఏడు గంటలకే కాంట్రాక్టరు మనుషులు ప్రైమరు డబ్బాలతో, పొడుగాటి రోలర్లతో దిగారు. ఈసారి పని తెలిసినవారిని పంపించారు. ముందు ఇసుక కాగితంతో గోడను రుద్దారు, తరువాత రెండు పూతలు వేశారు. రాజనర్సు రంగు డబ్బాతో వచ్చేసరికి గోడ ఈ చివర నుంచి ఆ చివర వరకు ఒకే తెలుపు. మేస్త్రీతో వాదించలేదు. చేసిన పనిలో తప్పు పట్టడానికి అతనికి ఏమీ కనిపించలేదు.

పది గంటలకు సత్తవ్వ తన కొడుకు భాస్కర్‌తో, పదిమంది బంధువులతో వచ్చింది. ఒక చేతిలో ఫోటో, ఒక చేతిలో ఇత్తడి బిళ్ల. గోడను ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది.

"ఏడున్నడన్న?"

రాజనర్సు గేటు స్తంభం నుంచి అడుగులు వేసుకుంటూ వచ్చాడు. ముప్పై ఒకటో అడుగు దగ్గర ఆగి, తన భుజమంత ఎత్తున చేయి పెట్టి చూపించాడు. అరచేతికి తెల్లరంగు అంటినది. భాస్కర్ కోపంతో మేస్త్రీ మీదికి పోబోతే బంధువులు పట్టుకున్నారు. మేస్త్రీ తాను కూలికి వచ్చినవాణ్ణని మాత్రం చెప్పుకున్నాడు; అది నిజమే. రంగు ఆరిన తరువాత దాని మీదనే వేస్తానని రాజనర్సు అనబోయాడు. కాని ఒక్క ముఖాన్ని వేస్తే రేపు మళ్లీ రోలరు వస్తుంది. ముత్తన్నను రెండుసార్లు చెరిపించే అధికారం తనకు లేదనిపించినది. ఆ మాట ఆపి, రంగు డబ్బాను కింద పెట్టాడు.

సత్తవ్వ అతని ముఖం చూసి గ్రహించింది. బిళ్లను కొంగున ముడి వేసుకున్నది.

"అయితె ఇంక లోపట్నే ఉండిపాయె," అన్నది.

ఏడవలేదు. తలస్నానాలకు పొద్దుపోతున్నదని బంధువులను తొందరపెట్టింది.

సర్వే బృందం వచ్చి వెళ్లినది. పట్టణానికి ఏ ర్యాంకు వచ్చినదో కాలనీలో ఎవరూ అడగలేదు. సీతాకోకచిలుక రెక్కలు గేటుకు ఆ వైపున వేశారు. సాయంత్రం పూట ఆడపిల్లలు వచ్చి ఫోటోలు దిగుతున్నారు. వేసవిలో మరో ఇద్దరు కార్మికులు పోయారు. వారి ఇండ్లవారు గోడ దాకా రాలేదు.

జూన్ నెలలో కార్యాలయం నుంచి ఆత్మారాం వచ్చాడు. బొమ్మలతో పాటు హెచ్చరిక కూడా తెల్లరంగు కింద పోయినదని, వెనుకటి మాదిరిగానే వ్రాయాలని ఉత్తర్వు చూపించాడు. అంత చక్కని అక్షరం ఇంకెవరికీ రాదని సురేందర్ సారే చెప్పారట. ఉత్తర్వులో ఒక కొత్త షరతు చేర్చి ఉన్నది: వ్రాసినవారి పేరు గాని, ఫోను నంబరు గాని గోడపై ఉండరాదు.

కాదని చెప్పమని సుమిత్రమ్మ అన్నది. రాజనర్సు కాదనలేదు. కాదంటే ఫ్లెక్సీ ముద్రించి మేకులు కొడతారు, ఆ మేకులు ఎవరి వీపున దిగుతాయో చెప్పలేము. మరునాడు ఎర్రరంగు డబ్బా, దారం పట్టుకొని వెళ్లాడు. గేటు నుంచి అడుగులు లెక్కపెట్టి, ముప్పై ఒకటో అడుగును దాటి, తొంభై రెండు, తొంభై మూడు వెళ్లి, ఎవరూ లేని గోడ చివరన నిలబడ్డాడు. దారం కొట్టాడు. వాక్యం మొదటి నుంచి చివరి వరకు వ్రాశాడు. మూలన కుంచె అలవాటుగా ఆగినది. దానిని గుడ్డతో తుడిచి, డబ్బా మూత బిగించాడు.