ముందు మీ ఒంటి సంగతి చెప్పండి

దీవెనమ్మ గారు మొన్న ఆదివారం తెల్లవారుతూనే ప్రభువు సన్నిధికి చేరారు. నిడదవోలులో మా మందిరంలో ఆ కబురు విన్నప్పుడు నా చేతిలో పాటల పుస్తకం తెరిచే ఉంది. అక్షరాలు మాత్రం కనబడలేదు.

ఆవిడ ఢిల్లీలో ఒక విదేశీ సహాయ సంస్థలో స్త్రీల ఆరోగ్య విధానాలు రూపొందించిన విదుషీమణి. పదవీ విరమణ చేసి సొంత ఊరు వచ్చి, మా స్త్రీల సమాజానికి పెద్ద అయ్యారు. గురువారం కూడికలో మా ప్రార్థన మనవుల్లో ఇంటాయన ఉద్యోగం, పిల్లల పరీక్షలు, గేదె ఈనడం, అన్నీ ఉండేవి, మేము తప్ప.

"ముందు మీ ఒంటి సంగతి చెప్పండి. మీ ఆయన తర్వాత, గేదె ఆ తర్వాత" అని ఆవిడ నియమం పెట్టారు.

"గేదె వింటే అలుగుతుందండీ!" అంది నాట్లకు వెళ్ళే సువార్త. భర్త పోయిన మనిషి. ఒక గురువారం ఆ సువార్తే నవ్వకుండా లేచింది. ముట్లుడిగి ఏళ్ళయినా రక్తం పోతోందని, మందిరం పక్కన పెట్టిన తల్లుల వైద్యశాలకు వెళితే గర్భిణులనూ బాలింతలనూ తప్ప ఎవరినీ చూడబోమన్నారని చెప్పింది.

ఆ వైద్యశాలను నడిపేది దీవెనమ్మ గారి పాత సంస్థే. వాళ్ళ బృందం చూడటానికి వచ్చిన రోజున మేము స్వాగత గీతం ఎత్తుకోబోతే ఆవిడ ఆపేశారు. "పాట తర్వాత. మనవులు కానివ్వండి."

అరిగిన మోకాళ్ళు, జారిన గర్భసంచి, సువార్త రక్తస్రావం, అన్నీ వరుసగా వచ్చాయి. బృందంలోని విదేశీయుల కోసం నేను ఇంగ్లీషులో చెబుతూ పోయాను. ఒకప్పుడు దీవెనమ్మ గారి దగ్గర పనిచేసిన అధికారిణి మెల్లగా, "మేడమ్, ఈ పథకం తల్లులకే. ఆ నిబంధన రాసింది మీరే కదా" అంది.

"నేనే రాశాను. అప్పుడు నాకు సువార్త తెలియదు" అన్నారావిడ. "పిల్లల్ని కనడం అయిపోయాక ఆడదానికి ఒళ్ళుండదా అమ్మా? పన్నెండేళ్ళ రక్తస్రావంతో వచ్చి తన వస్త్రపు చెంగు ముట్టుకున్న ఆవిడను ప్రభువు నీకు పిల్లలెందరని అడిగాడా?"

అధికారిణి లేచి వెళ్ళి సువార్త పక్కన కూర్చుంది. కొన్ని వారాలకు నిబంధన మారింది. బోర్డు మీద 'స్త్రీల వైద్యశాల' అని రాశారు. సువార్తకు సకాలంలో రాజమండ్రిలో ఆపరేషన్ జరిగింది.

తాను రాసినదాన్ని తానే దిద్దగల అంతటి వినయశీలి మాకు మళ్ళీ దొరకరు.

నిన్న గురువారం ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది. సువార్త లేచి, "నా ఒళ్ళు బాగుందండీ, స్తోత్రం" అంది. నా వంతు వచ్చింది. గొంతు సవరించుకుని, "మా వారి షుగరు కోసం..." అన్నానో లేదో, గదంతా ఒక్క గొంతుగా అరిచింది: "ముందు మీ ఒంటి సంగతి!"

కన్నీళ్ళలోనే అందరం నవ్వాం. నేను మళ్ళీ మొదలుపెట్టాను, నా మోకాలితో.