గెడ్డ ఒడ్డున వెనిస్ రాయి

వచ్చే వేసవిలో మా ఇంటి వెనక వాలు మీదుగా కొత్త రోడ్డు వేస్తారు. కంకర కోసం చుట్టుపక్కల రాళ్లన్నీ పగలగొడతారు. వాటిలో కొన్ని నేను నిలబెట్టినవి. అవి అక్కడ ఎందుకున్నాయో, వాటిలో ఒకటి ఎందుకు కదలలేదో తెలిసినవాళ్లం ఇద్దరమే మిగిలాం. రెండోవాడికి రాయడం రాదు. అందుకని నేను రాసిపెడుతున్నాను.

ముందుగా ఒక మాట. నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్ముతున్నానని చెప్పలేను.

శృంగవరపుకోట దగ్గర పల్లెలో మూడో తరగతితో నా బడి ముగిసింది. తరవాతి చదువంతా నా అంతట నేను చదువుకున్నదే. ఒక వర్తకుడి తరఫున పిప్పళ్లు, వలిసె నూనెగింజలు కొనడానికి అరకు లోయకు వచ్చినప్పుడు నా పెట్టెలో బట్టలకన్నా పుస్తకాలే ఎక్కువ. విజయనగరం గ్రంథాలయంలో పనిచేసే పంతులుగారు సరుకు బళ్ల మీద నాకు పుస్తకాలు పంపేవారు. చదివినవి అవే బళ్ల మీద తిరిగి వెళ్లేవి. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. భూగోళం, ఖగోళం, వైద్యం, ఏ అలమారానూ వదిలిపెట్టలేదు. సంతలో ఎవరైనా చేతబడి అంటే చాలు, చలిజ్వరానికి కారణం దోమ అని అక్కడే నిలబడి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి.

ఒకసారి పంతులుగారు పంపిన కట్టలో ఎవరో దొర వదిలేసి వెళ్లిన లావుపాటి పుస్తకం వచ్చింది. యూరపు ఖండంలోని రైళ్ల వేళలన్నీ అందులో ఉన్నాయి. అంకెలు తప్ప మరేమీ లేని ఆ పుస్తకాన్ని నేను కథ చదివినట్టు చదివాను. ఒక దేశంలో సాయంత్రం బయలుదేరిన బండి కోసం ఇంకో దేశంలో తెల్లవారి మరో బండి కాచుకుని ఉంటుంది. ఒకరి భాష ఒకరికి రాదు, నిన్న మొన్నటిదాకా యుద్ధం చేసుకున్నారు, అయినా బండి మాత్రం వస్తుందని నమ్ముతారు. ఆ నమ్మకం నన్ను పట్టుకుంది. వెళ్లి చూడాలనిపించింది.

నా వాటా భూమి అన్నయ్యకు అమ్మేశాను. దారిఖర్చుకు ఆ డబ్బు సరిపోతుంది. కొలంబోలో ఓడెక్కి మార్సేల్స్‌లో దిగడం. అక్కణ్ణించి పారిస్, బ్రస్సెల్స్, కొలోన్, బెర్లిన్, వియన్నా, వెనిస్, రోమ్, నేపుల్స్. అన్నీ రైళ్ల మీదే. నేపుల్స్‌లో మళ్లీ ఓడ. తోడు ఎవరూ లేరు, నేనొక్కణ్ణే.

నా దగ్గరున్న పటం యుద్ధానికి ముందుది. అందులో ఒకే రంగులో ఉన్న రాజ్యాలు అప్పటికే ముక్కలైపోయాయి. ఎక్కడ సరిహద్దు దాటాలో, ఎక్కడ పెట్టె విప్పి చూపించాలో కాగితం మీద ఎంత గీసినా నా బుర్రకెక్కలేదు. చివరికి నేల మీదే పటం వేసుకున్నాను. ఇంటి వెనక వలిసెలు కోసేసిన వాలు ఖాళీగా ఉంది. ఊరికొక రాయి చొప్పున ఏరి తెచ్చి, ఏ దిక్కున ఏ ఊరుండాలో చూసుకుని నిలబెట్టాను. రోజూ పొద్దున్నే మంచు విడిచాక ఒక రాయి నుంచి ఇంకో రాయికి నడుస్తూ బళ్ల వేళలు పైకి వల్లించేవాణ్ణి. కొలోన్‌లో బండి మారాలి, మధ్యలో చాలాసేపు ఆగాలి. అక్కడ చుట్ట ముట్టించి నిలబడేవాణ్ణి.

పక్కింటి సుక్రో దారంట పోతూ ఆగి చూసేవాడు. "బాబూ, నీ రైలు పొగ బాగానే ఒదుల్తంది. కదల్దేటి?" అనేవాడు. వాడి మాట సంత దాకా పాకింది. నేను కాటా దగ్గర కూచుంటే, రైలు ఇవాళ ఏ ఊళ్లో ఆగిందని ఆడవాళ్లు కూడా అడిగి నవ్వేవారు.

సుక్రో తల్లి పేరు సోంబారి. ఆ కొండవాళ్లలో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. ఆమె సోమవారం పుట్టింది, కొడుకు శుక్రవారం. ముసలామె నాకు పుల్లలు, ఆకుకూరలు తెచ్చి ఇచ్చేది. నవ్వకుండా రాళ్లను చూసిన మనిషి ఆమె ఒక్కతే.

"ఈ రాళ్లు ఎవులికి బాబూ?" అంది.

"ఊళ్లకి అవ్వా."

"ఊళ్లకి రాళ్లేటి? రాయంతే మనిసికి గదా."

వాళ్ల ఆచారం నాకు తెలియనిది కాదు. ఇంట్లో ఎవరైనా పోతే కొన్నాళ్లకు ఊరి పక్కన వారి పేర ఒక రాయి నిలబెడతారు. పోయినవారు వచ్చి అందులో కూచుంటారని వాళ్ల నమ్మకం. బతికున్నవాళ్ల పేర రాయి నిలబెట్టరు.

"అయితే నాకే అనుకో. అన్నిట్లోనూ నేనే కూచుంటాను" అని నవ్వాను.

ఆమె చెవులు మూసుకుంది. "అలాగనకు. నిలబెట్టిన రాయి కాళీగా ఉంతే పిలుత్తాది. ఎవులో ఒకులు ఎల్లాల."

మర్నాడు చూస్తే ప్రతి రాయి ముందూ అడ్డాకు దొప్పలో రాగులతో కాచిన చోడంబలి ఉంది. ఇదేమిటని అడిగితే, "తిండెడతన్నాను. కడుపు నిండితే పిలవదు" అంది. కొలోన్‌కీ బెర్లిన్‌కీ చోడంబలి పోసిన మనిషి ప్రపంచంలో ఈమె ఒక్కతేనని అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. నాకు మాత్రం చాలా చమత్కారంగా తోచింది.

ఆ తరవాత ఆమె నా వెనకే నడవడం మొదలుపెట్టింది. ఒక్కో రాయి దగ్గరా ఆగి ఈ ఊళ్లో ఏముంటాయో చెప్పమనేది. సంత దాటి ఎరగని మనిషి. చదివిందంతా చెప్పేవాణ్ణి, కోటల గురించీ వంతెనల గురించీ మంచు గురించీ. నిన్న చెప్పింది ఇవాళ మార్చి చెబితే పట్టుకునేది. నేను చదివినదాన్ని అంత శ్రద్ధగా విన్న మనిషి నా జీవితంలో మరొకరు లేరు. ఆ సంగతి అప్పుడు నేను గుర్తించలేదు.

వెనిస్ రాయిని వాలు కిందుగా పారే గెడ్డ ఒడ్డున పనసచెట్టు కింద పెట్టాను. అది నీళ్ల మధ్య ఊరని చదివాను కాబట్టి. ఆమెకు మాత్రం ఇలా చెప్పాను: రైలు నేల అంచున ఆగిపోతుంది, అక్కడ గుర్రబ్బండి ఎక్కి రేవుకు వెళ్లాలి, రేవులో పడవ ఎక్కాలి. ఆ గుర్రబ్బండి సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. రైలు నీళ్లలోకి ఎలా పోతుందని నేనే ఊహించి చెప్పాను.

ఆ రాయి ఆమెకు నచ్చింది. నడక అయ్యాక దానికి చేరబడి కూచునేది. "ఇది నాది బాబూ. మిగతాయి నువ్వు తీసుకో" అనేది.

తొలకరి పడ్డాక ఆమెకు జ్వరం వచ్చింది. క్వినైను ఇచ్చాను, సుక్రో గురుమాయిని పిలిచాడు. గురుమాయి అంటే వాళ్లలో పోయినవారితో మాట్లాడే స్త్రీ. ఎవరి నమ్మకం వారిది. నేను రోజూ పొద్దున్న వెళ్లి చూసి వచ్చేవాణ్ణి. జ్వరంలో ఆమె నా ఊళ్లన్నీ వరసగా చెప్పేది. పారిస్ దీపాలు, కొలోన్ వంతెన, వియన్నా గుర్రాలు. అవన్నీ నేను చెప్పినవే కాబట్టి నాకేమీ వింతగా తోచలేదు.

ఒకనాడు నేను వెళ్లేసరికి జ్వరం తగ్గి ఉంది. ఒళ్లు చల్లగా ఉంది, గంజి కూడా తాగిందట. నన్ను చూడగానే మామూలు గొంతుతో మాట్లాడింది.

"గుర్రబ్బండి నేదు బాబూ."

"ఎక్కడ అవ్వా?"

"నీళ్లూరి కాడ. రైలు నీళ్ల మీంచే ఎల్లిపోనాది. దిగి బయటికొత్తే ఈదీ నేదు, దారీ నేదు. మెట్లు. మెట్ల కింద నీళ్లు, పడవలు. ఎదర ఒడ్డున గుడి. దాని బుర్ర పచ్చగుంది, పాసి పట్టినట్టు."

"జొరం మాటలు బాబూ" అన్నాడు సుక్రో.

గుర్రబ్బండి ఉంటుందని, పుస్తకాలు చదివింది నేనని ఆమెకు చెప్పాను. చిన్నపిల్లవాడి మాట విన్నట్టు నవ్వింది. "సర్లే. నువ్వు బేగి రా. నానొక్కదాన్నే ఉన్నాను. ఆల మాట నాకు రాదు. మెట్ల మీదే కూకుంతాను."

"అలాగే వస్తాను" అన్నాను. జబ్బుమనిషితో ఎవరైనా అనే మాటే.

మర్నాడు మధ్యాహ్నం ఆమె పోయింది.

చోడి కోతలయ్యాక సుక్రో తల్లి పేర రాయి నిలబెట్టాడు. నేనూ వెళ్లాను. గురుమాయి బియ్యపు గింజలు చల్లి పాట పాడుతుండగా గుంత తీసి రాయి దించారు. అది ఒరిగిపోయింది. ఇంకాస్త లోతు తీశారు, మళ్లీ ఒరిగింది. గుంత వదులుగా ఉందని నేనే దిగి చుట్టూ చిన్న రాళ్లు కూరి మట్టి తొక్కాను. నా చేయి తీసిన వెంటనే పడిపోయింది. గురుమాయి పాట ఆపేసింది. సోంబారి వేరే రాతిలో కూచుందని, ఇక్కడికి రాదని చెప్పింది. సుక్రో నా వైపు చూశాడు.

అందరం గెడ్డ దగ్గరికి వెళ్లాం. ఆ రాయి తీసుకుపొమ్మన్నాను. అది మోకాలెత్తు రాయి. నేనొక్కణ్ణే పొట్టకానించుకుని మోసుకొచ్చి, జానెడు లోతున పాతినది. సుక్రో, వాడి బంధువులు పట్టి లాగితే కదలలేదు. గునపాలు వేశారు, మోకు కట్టి లాగారు. చివరికి చుట్టూ మట్టంతా తవ్వేశారు. రాయి అడుగు పూర్తిగా కనిపించింది. కింద బండ లేదు, పనస వేరు పట్టుకుని లేదు. వట్టి తడినేల మీద కూచుని ఉంది. అయినా కదలలేదు. నేనూ భుజం పెట్టి తోశాను కాబట్టి చెబుతున్నాను.

"ఒదిలేద్దాం బాబూ. మాయమ్మకి ఇక్కడ బాగున్నట్టుంది" అన్నాడు సుక్రో. మట్టి మళ్లీ పూడ్చి, దొప్పలో అంబలి పెట్టాడు.

తడినేల రాయిని పట్టేసి ఉంటుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ప్రయాణపు ఏర్పాట్లు సాగుతూనే ఉన్నాయి. పాస్‌పోర్టు వచ్చింది, ఓడలో చోటు ఖాయమైంది. ఆ రోజుల్లోనే, చాలాకాలం క్రితం అడిగిన ఇటలీ యాత్రల పుస్తకం పంతులుగారు పంపారు. కొత్త పుస్తకం. పుటల అంచులు ఇంకా అంటుకునే ఉన్నాయి, నేనే చాకుతో కోశాను. నాకన్నా ముందు అందులోని బొమ్మలు ఎవరూ చూసి ఉండరని చెప్పడానికే ఈ సంగతి రాస్తున్నాను.

వెనిస్ దగ్గర ఒక బొమ్మ ఉంది. రైలు స్టేషను వాకిలి ముందు వీధి లేదు. వెడల్పాటి మెట్లున్నాయి. మెట్లు నీళ్లలోకి దిగుతున్నాయి. పడవలున్నాయి. ఎదుటి ఒడ్డున గుమ్మటమున్న గుడి. రైలు నీళ్ల మీద పొడవాటి వంతెన దాటి ఊళ్లోకే వస్తుందని కింద రాసి ఉంది. గుర్రబ్బండి ఆ ఊళ్లో కనిపించనే కనిపించదట.

బొమ్మ నలుపూ తెలుపూ. రంగు తెలియదు. ఆ ఒక్కటీ తప్పయితే మిగతాదంతా కాకతాళీయమని తోసేయవచ్చు. గెడ్డ ఒడ్డున కూచున్న మనిషికి నీళ్లు కలలోకి రావడం వింత కాదు కదా. ఆ చలికాలంలో ఫ్రాన్సు దేశపు పాదిరీ ఒకాయన మొదటిసారి మా లోయకు వచ్చారు. నా పుస్తకాలు చూసి ముచ్చటపడి వసారాలో కూచున్నారు. వెనిస్ చూశారా అని అడిగాను. కుర్రతనంలో చూశానన్నారు. స్టేషను ఎదుటి గుడి గుమ్మటం ఏ రంగని అడిగాను.

"ఆకుపచ్చ. రాగి రేకు కదా, చిలుము పట్టింది. నీకెవరు చెప్పారు?" అన్నారు.

పుస్తకంలో చదివానన్నాను.

నేను ఓడ ఎక్కలేదు. అడిగినవాళ్లకు మొదట వానలన్నాను, తరవాత నడుం నొప్పన్నాను. అన్నయ్య జబ్బుపడినప్పుడు డబ్బు అటు పోయింది, అదీ ఒక కారణంగా పనికొచ్చింది. అసలు సంగతి ఇదే మొదటిసారి రాస్తున్నాను. ఆ స్టేషను వాకిట్లోకి రావడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ మెట్ల మీద ఎవరూ ఉండరని నా చదువంతా చెబుతుంది. అయినా బయటికొచ్చి మెట్ల వైపు చూడవలసి ఉంటుంది కదా. ఆ చూపుకే భయపడ్డాను.

ఇప్పుడు మోకాళ్లు పట్టేశాయి. ఘాటీ దిగి విజయనగరం వెళ్లడమే గగనం. రైళ్ల పుస్తకం తిరగేయడం మానేశాను. అందులోని బళ్లన్నీ వేళలు మారిపోయి ఉంటాయి.

ఆమె అక్కడ లేదనుకుంటే, నేను వెళ్లకపోవడానికి కారణమే లేదు. ఉందనుకుంటే, వెళ్లకపోవడం అన్యాయం. ఎటు చూసినా నేను వెళ్లవలసినవాణ్ణే. ఆ ఊరి గురించి చదివినప్పుడల్లా నాకు కోటలు, పడవలు గుర్తుకు రావు. చోడంబలి తప్ప మరొకటి ఎరగని ముసలామె, తెలియని మాటల మధ్య మోకాళ్లు ముడుచుకుని, బండి దిగిన ప్రతి మనిషినీ చూస్తూ కూచున్నట్టు ఉంటుంది. ఇది ఎలా జరిగిందో నేను చెప్పలేను. ఎంత చదివినా జవాబు దొరకలేదు.

ఇంతకాలం నాకు పుస్తకాలు పంపిన సూర్యనారాయణ పంతులుగారికి కృతజ్ఞతలు. అడిగినదానికి నిజం చెప్పిన ఫాదర్ రెనేగారికి, నేను అబద్ధం చెప్పినందుకు క్షమాపణతో పాటు, కృతజ్ఞతలు. అన్ని రాళ్లూ తీసుకుని గెడ్డ ఒడ్డు రాయిని మాత్రం ముట్టుకోనని మాట ఇచ్చిన రోడ్డు మేస్త్రీ అప్పలనాయుడికి, ఈనాటికీ దాని ముందు దొప్ప పెట్టి వచ్చే సుక్రోకు కృతజ్ఞతలు.

సోంబారి అవ్వకు ఇక్కడ చెప్పలేను. ఆమెకు చెప్పవలసిన చోటు ఆ మెట్లు.