తలుపు తెరుచుకోని బస్సు

మనుషులు ప్రయాణించే అంతరిక్ష నౌకల కోసం ఎలక్ట్రానిక్ పెట్టెలు తయారుచేసే చోట నేను ఇంజనీరుని. వాటిలోని వైర్లు, ప్లాస్టిక్ అంటుకోకుండా చూడడం నా పని. రోజూ వాటి ముక్కలు కాల్చి పరీక్షిస్తుంటాం కాబట్టి ఆ కమురు వాసన నాకు బాగా తెలుసు.

పోయిన వేసవిలో మా ఐదేళ్ల పాపతో నంద్యాలలో ఏసీ బస్సెక్కి, ఆళ్లగడ్డలోని పుట్టింటికి బయలుదేరాను. ఊరు దాటిన కాసేపటికి అదే వాసన తగిలింది. తలెత్తి చూస్తే పై ప్యానెల్ సందులోంచి సన్నగా పొగ వస్తోంది. నా కేకకు డ్రైవర్ బస్సు ఆపాడు కానీ తలుపు తెరుచుకోలేదు.

"బటన్ నొక్కుతాండా, రాల్యాదమ్మా," అన్నాడు.

మా వైపు అద్దాలన్నీ తెరవడానికి వీల్లేకుండా బిగించినవే. పాప దగ్గుతోంది. మంట కనబడడం లేదు, లోపలెక్కడో వైర్ల వెంట పాకుతూ ఉంటుందని నాకు తెలుసు.

"ముందు కరెంటు ఆపన్నా. మెయిన్ స్విచ్చి యాడుంది?"

"బయట, బ్యాటరీ కాడ."

అతను తన పక్క కిటికీలోంచి దూకి స్విచ్చి ఆపాడు. తలుపును బయటినుంచి చేత్తో లాగి తెరిచాడు. అందరం దిగాం. పొగ మెల్లగా తగ్గింది. పాపను హత్తుకుని రోడ్డు పక్కనే కూలబడ్డాను.

అంతరిక్ష నౌక కోసం నేను గీసిన పెట్టెలో కరెంటు ఆపే స్విచ్చి, నాలుగు స్క్రూలు విప్పితే గానీ అందదు. సెలవు కాగానే దాన్ని ముందువైపుకు మార్చాలని పట్టుబట్టాను.

"పరీక్షల్లో ఎప్పుడూ అంటుకోలేదు కదమ్మా," అన్నారు మా పెద్దసారు.

"అంటుకుంటే నౌకలో ఉండేవాళ్లు యాడ దిగుతారు సార్?" అన్నాను.