చంక బిగువైన నల్లకోటు

కోర్టు వెనక సందులో నల్లకోట్ల మాస్టారంటే తెలియని లాయరు లేడు. గౌన్లూ కోట్లూ కుట్టీ కుట్టీ ఆయన వేళ్ళకి నలుపు పట్టేసింది. కుర్ర లాయర్లు కొత్త కోటు తొడుక్కుని అద్దంలో చూసుకుని మురిసిపోతుంటే, మెడలో టేపు వేసుకుని "బ్రహ్మాండంగా ఉందండీ" అనేవాడు గానీ లోపల కడుపు రగిలిపోయేది. వీళ్ళ భుజాలకి ఉన్నదేమిటి, నా భుజాలకి లేనిదేమిటి? ఆ ఉక్రోషంతోనే నలభై దాటాక సాయంకాలం లా కాలేజీలో చేరాడు.

అన్ని పేపర్లూ గట్టెక్కాయి. నేరాల పేపరు ఒక్కటే కొరకరాని కొయ్యయి కూర్చుంది. దొంగతనం, బెదిరించి రాబట్టడం, దోపిడీ మూడూ ఆయన బుర్రలో ఒకే డబ్బాలో పోసిన గుండీల్లా కలిసిపోయేవి. ప్రాణం పోయిన ప్రతిచోటా హత్య జరిగినట్టు కాదంటే అసలు మింగుడుపడేది కాదు. "మనిషి పోయాడా లేదా? ఇంకేం కావాలి వీళ్ళకి!" అని పుస్తకం మీద విరుచుకుపడేవాడు. రెండుసార్లు తప్పాడు. మూడోసారీ తప్పితే పేరు కొట్టేస్తామని కాలేజీవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పేశారు.

ఇదంతా ఒక ఎత్తు, ఇంటావిడ ఒక ఎత్తు. ఆయన మిషన్ తొక్కుతుంటే పక్కన స్టూలు మీద కూర్చుని ఆవిడ పాఠం పైకి చదివి వినిపించేది. చదివింది ఆయన కోసం, అంటుకుంది ఆవిడకి. తర్వాత కాజాలు కుడుతూనే అప్పజెప్పేసేది. "చెప్పకుండా పట్టుకుపోతే దొంగతనం. భయపెట్టి వాళ్ళ చేత్తోనే ఇప్పించుకుంటే అది వేరే నేరం. అక్కడికక్కడే కొడతానని మీదపడి లాక్కుంటే దోపిడీ. ఇందులో ఏముందండీ అంత!"

ఆ "ఏముందండీ" వింటే చాలు, మాస్టారికి ఒళ్ళు మండిపోయేది.

పోయినేడు ఆవిడా కాలేజీలో చేరింది. కాదనడానికి ఆయనకి సాకు దొరకలేదు. ఈ ఏడు ఇద్దరిదీ అదే పేపరు, ఒకటే బెంచీ. గౌను కొలతలివ్వడానికొచ్చిన పెద్ద లాయరొకాయన సరదాకి ఆవిడని రెండు ప్రశ్నలడిగి, "మాస్టారూ, మీరు కత్తెర పట్టుకోండి, వాదనలు అమ్మగారికి వదిలేయండి" అని నవ్వి పోయాడు. ఆయనకేం, నవ్వి పోయాడు! ఈయనకి ఆ పూట ముద్ద దిగలేదు.

ఈసారి మార్కుల్లో సగం రాతకి, సగం నమూనా కోర్టుకి. లెక్చరరు ఒక కేసు అల్లి ఇచ్చాడు. ఇరవై ఏళ్ళుగా కుర్చీలు చేస్తున్న ఒక వడ్రంగి, తనకన్నా పేరున్న తోటి వడ్రంగికి కుర్చీ చేసిచ్చాడు. కూర్చోగానే కాలు ఊడి ఆ మనిషికి చెయ్యి విరిగింది. కావాలనే చేశాడని ఆవిడ వాదించాలి, పొరపాటని మాస్టారు వాదించాలి.

"నాకూ ఒక కోటు కుట్టిపెట్టండి" అంది ఆవిడ.

కుట్టాడు. మంచి బట్టే తీశాడు, కాలరు ముచ్చటగా కూర్చోబెట్టాడు. చంక దగ్గరికొచ్చేసరికి కత్తెర ఆగింది. చెయ్యెత్తకుండా ఏ లాయరు మాట్లాడతాడు? ఈవిడకి మరీను, చేతులు తిప్పందే మాటే రాదు. చంకలో ఒక అంగుళం తగ్గించాడు. కుట్టి, ఇస్త్రీ చేసి, నవ్వుతూ చేతికిచ్చాడు. దుర్మార్గం కాకపోతే ఏమిటండీ అది!

ఆవిడ తొడుక్కుని భుజం ఒకసారి కదిపింది. "బాగుందండీ" అని గుండీలు పెట్టుకుంది.

నమూనా కోర్టులో ఆవిడ లేచి, రెండు చేతులూ పక్కలకి ఆనించుకుని నిలబడింది. గొంతు పెంచలేదు. "ఇరవై ఏళ్ళుగా కుర్చీలు చేసిన చెయ్యి కాలు బిగించడం మర్చిపోతుందాండీ? కొత్తవాడైతే పొరపాటనుకుందాం. పని తెలిసిన చేతిలోంచి వంకర పని వచ్చిందంటే ఆ మనసులో ఏముందో చూడాలి. ఆ మనసులో కుళ్ళుంది."

అంటున్నంతసేపూ చూపు మాస్టారి మీదే. మాస్టారి గుండెల్లో రాయి పడింది. లెక్చరరేమో తెగ సంబరపడిపోయాడు. "చూశారా, చెయ్యి ఊపకుండా ఎంత నిబ్బరంగా చెప్పారో! వాదనంటే ఇలా ఉండాలి." తన అంగుళం ఆవిడకి మార్కులు తెచ్చిపెట్టింది. ఇంతకన్నా కర్మ ఉంటుందా!

ఆయన లేచాడు. అంతలో ఎక్కణ్ణుంచి వచ్చాయో మాటలు వచ్చేశాయి.

"అయ్యా, కుళ్ళు ఉండే ఉంటుంది. లేని మనిషిని ఒక్కణ్ణి చూపించమనండి. కుళ్ళుకోవడం నేరమని ఏ పుస్తకంలో ఉంది? ఆ కుళ్ళే కాలు వదులు చేసిందని ఎవరు చూశారు? ఇరవై ఏళ్ళు పనిచేసిన చెయ్యి అంటున్నారు. ఇరవై ఏళ్ళ అలసట కూడా ఆ చేతికే ఉంటుంది కదండీ!"

ఎక్కడా తడుముకోలేదు. తన మెడ తానే కాపాడుకుంటున్నవాడిలా మాట్లాడాడు. క్లాసంతా నోళ్ళు తెరుచుకుని వింది. "ఉద్దేశం నిరూపణ కాలేదు, ముద్దాయిని వదిలేస్తున్నాం" అన్నాడు లెక్చరరు. రాత మార్కులూ కలిపితే ఇద్దరూ పాసే. మాస్టారు ఆ పేపరు గట్టెక్కాడు!

ఇంటికొచ్చేదాకా ఆయన కాళ్ళు నేలమీద లేవు. తలుపు వేయగానే ఆవిడ వెనక్కి తిరిగి నిలబడి, "కాస్త లాగండి, రావట్లేదు" అంది. లాగాడు. చంకల దగ్గర చర్మం ఎర్రగా కమిలిపోయి ఉంది.

"బిగువని తెలిసీ వేసుకున్నావా? విప్పి కుట్టుకోలేకపోయావూ, నీకు రాని పనా?"

"విప్పితే సాక్ష్యం పోదూ?"

మాస్టారు కోటు మీంచి చూపు తిప్పేసుకున్నాడు. "మరి అక్కడ చెయ్యెత్తలేదేం? ఎత్తితే పటుక్కున చిరిగేది. అందరికీ చూపించి కేసు గెలిచేదానివి."

"మీ పేరు కొట్టేసేవాళ్ళు కదండీ" అంది ఆవిడ, చెయ్యి రుద్దుకుంటూ.

"ఇలా ఇవ్వు, వదులు చేస్తాను" అని చెయ్యి చాచాడు. ఆవిడ ఇవ్వలేదు. తీసుకెళ్ళి దుకాణంలో ఆయన మిషన్‌కి ఎదురుగా మేకుకి తగిలించింది. ఇప్పటికీ అక్కడే ఉంది. కేసు గెలిచింది తనేనని మాస్టారు వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు, ఆ మేకు వైపు మాత్రం చూడడు. మంచితనంలో కూడా ఆవిడే తనని మించిపోవడం చూసి ఆయనకి ఇప్పటికీ కుళ్ళే.